జమా–ఖర్చు: ముందు కాగితం, తర్వాత తుపాకి



మా బ్యాంకులో ఆయుధపూజ చూడముచ్చటగా ఉంటుంది. నోట్లు లెక్కపెట్టే యంత్రానికి, స్ట్రాంగ్ రూము తాళాలకు, కంప్యూటర్లకు, గేటు దగ్గర నిలబెట్టిన స్కూటర్లకు కుంకుమ బొట్లు పెడతాం. గుమ్మం ముందు బూడిద గుమ్మడికాయ పగలగొడతాం. అన్నిటి మధ్య నిజంగా ఆయుధం అనదగ్గది ఒక్కటే, మా గార్డు తుపాకి. పన్నెండు బోరు, రెండు గొట్టాలు. నిరుడు దసరాకి దానికి పూలదండ వేస్తూ ఉండగానే నా ఫోను మోగింది. పలమనేరు పక్క పల్లెలో వ్యవసాయం చేసుకుంటున్న మా బావమరిది.

"బావా, అడివి పందులు రాత్రి మళ్ళీ దిగినాయి. అరెకరా శెనక్కాయ అంతా దున్నేసి పెట్టినాయి. ఇంక లాభం లేదు. వేటకు పనికొచ్చే రైఫిల్ ఒకటి పాతది, చవకలో చూడు. నీకు బ్యాంకులో గార్డులు, పోలీసులు అందరూ తెలుసు కదా" అన్నాడు.

అంతలోనే ఇంకో మాట కూడా చెప్పాడు. వాళ్ళ పక్క ఊళ్ళో ఒక పెద్దాయన రెండేళ్ళ క్రితం కాలం చేశాడట. ఆయన తుపాకి ఇంట్లోనే ఉందట. ఆయన భార్య ముప్పై వేలకు ఇస్తానంటోందట. "రేపు అయిదు వేలు బయానా ఇచ్చి తెచ్చేసుకుంటా. కాగితాలు తర్వాత నువ్వు చూసుకో" అన్నాడు.

ముప్పై ఏళ్ళుగా అప్పుల కాగితాలు చూస్తున్నవాణ్ణి. "కాగితాలు తర్వాత" అన్న మాట వినగానే నాకు గుండె ఆగినంత పనవుతుంది. "ఒరే, నేను వచ్చేదాకా ఆ ఇంటి గడప తొక్కకు" అని చెప్పి ఫోను పెట్టేశాను. ఆ తర్వాత రెండు నెలలు ఈ విషయం మీద నేను చదివినవీ, అడిగి తెలుసుకున్నవీ, తిరిగినవీ ఈసారి మీ ముందు పెడుతున్నాను. "మాకు తుపాకితో పనేమిటి?" అని పేజీ తిప్పేయకండి. మనలో చాలామందికి సొంత ఊళ్ళో ఒక పాత ఇల్లు ఉంది. ఆ ఇంట్లో ఒక అటక ఉంది. ఆ అటక మీద ఏముందో మనలో ఎంతమందికి తెలుసు?

మొదట రైఫిల్ సంగతి. మా వాడి మనసులో ఉన్నది కథల్లో చదివిన తుపాకి. మా చందాపుర నుంచి ఆనేకల్ దాటి, తళి మీదుగా వెళితే జవళగిరి అడవి వస్తుంది. అక్కడి మనుషుల్ని తినే పులి కథ కెన్నెత్ ఆండర్సన్ రాసినది మీలో కొందరైనా చదివి ఉంటారు. 1910లో మన సికింద్రాబాదు దగ్గర బొల్లారంలో పుట్టి, బెంగళూరులో స్థిరపడి, 1974లో పోయాడాయన. ఆయన చేతిలో ఉండేది .405 వించెస్టర్ రైఫిల్. ఆ రోజులు వేరు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో సరదా వేట అనేది దేశంలో పూర్తిగా ముగిసింది. కాబట్టి "వేట రైఫిల్" అనే పేరుతో ఈరోజు మన దేశంలో లైసెన్సు అడిగే వీలే లేదు. ఆత్మరక్షణకు, క్రీడకు, పంట రక్షణకు అడగవచ్చు. అంతే.

పైగా రైఫిల్ పొలానికి పనికొచ్చే వస్తువు కాదని మా గార్డు విడమరచి చెప్పాడు. ఆయనది కొడగు జిల్లా, సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్ళు ఉంటాయి. గుండు గిర్రున తిరుగుతూ కిలోమీటరు దాటి పోతుంది. గురి తప్పితే అవతలి ఊళ్ళో ఎవరికి తగులుతుందో దేవుడికే తెలియాలి. మామూలు పన్నెండు బోరు తుపాకి గొట్టం లోపల నున్నగా ఉంటుంది. రవ్వలు కొద్ది దూరంలోనే బలం కోల్పోయి రాలిపోతాయి. (పన్నెండు బోరు అంటే ఏమిటో నాకూ అప్పుడే తెలిసింది. ఒక పౌను సీసంతో సమానమైన పన్నెండు గుండ్లు చేస్తే, అందులో ఒక గుండు పట్టేంత గొట్టం అని లెక్క. పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు.) చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం, గొట్టం 20 అంగుళాలకు తగ్గని నున్నటి తుపాకిని రక్షణకో క్రీడకో అడిగినా, మూతి నుంచి మందు కూరే తుపాకిని నిజంగా పంట రక్షణకు అడిగినా, నిరాకరించడానికి తగిన కారణం లేకపోతే అధికారి లైసెన్సు ఇవ్వాలి. రైఫిల్ అయితే దాని అవసరాన్ని మనమే నిరూపించుకోవాలి.

ఇక అసలు మాట. తుపాకి కొని లైసెన్సు తెచ్చుకోవడం కాదు, లైసెన్సు తెచ్చుకొని తుపాకి కొనాలి. లోను మంజూరు కాకముందే ట్రాక్టరు ఇంటికి తోలుకొచ్చినవాడికి మహా అయితే వడ్డీ నష్టం. లైసెన్సు రాకముందే తుపాకి ఇంటికి తెచ్చినవాడికి జైలు. 2019 సవరణ ఆ శిక్షను ఇంకా పెంచింది. బయానా ఇచ్చాను, మనసులో దురుద్దేశం లేదు అంటే కుదరదు.

దరఖాస్తుదారుకు 21 ఏళ్ళు నిండాలి. జిల్లాలో అయితే కలెక్టరుకు, నగర పోలీసు కమిషనరేటు పరిధిలో అయితే కమిషనరుకు దరఖాస్తు పెట్టాలి. 2016 నిబంధనల ప్రకారం తుపాకి వాడకంలో భద్రతా శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం, శారీరక మానసిక ఆరోగ్యం బాగుందని డాక్టరు పత్రం, ఇంట్లో తాళం వేసి భద్రంగా ఉంచుతానన్న హామీ ఇవ్వాలి. పోలీసులు విచారించి నివేదిక పంపుతారు. లైసెన్సు వస్తే దానిమీద ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉంటుంది. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు 3 ఏళ్ళ నుంచి 5 ఏళ్ళయింది. ఒక మనిషి పేర ఉండదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. లైసెన్సు ఇవ్వకపోతే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. దానిపై అప్పీలు చేసుకోవచ్చు. నాకు నచ్చిన మాట ఇంకొకటి ఆ చట్టంలో ఉంది. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదట. బ్యాంకు కన్నా చట్టమే ఉదారంగా ఉంది!

ఇదంతా విని మా బావమరిది "పందికి లేని లైసెన్సు నాకెందుకు బావా?" అన్నాడు. నవ్వు వచ్చింది కానీ, ఆ మాటలో బాధ ఉంది. విత్తనం వేసిన రోజు నుంచి కాయ ఊరేదాకా రాత్రుళ్ళు డబ్బా కొట్టుకుంటూ మేలుకున్నవాడి మాట అది. జీతం నెలాఖరుకు ఖాతాలో పడే నేను దానికి ఏం జవాబు చెప్పగలను?

జవాబు చెప్పకపోగా, ఇంకో రెండు అడ్డంకులు చెప్పాల్సి వచ్చింది. ఒకటి, వాళ్ళ పల్లె కౌండిన్య అభయారణ్యానికి దగ్గర. వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల కొత్త తుపాకి లైసెన్సు ఇవ్వాలంటే ముందుగా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి సమ్మతి కావాలి. జాతీయ పార్కులకూ ఇదే నియమం. అంటే బన్నేరుఘట్ట అంచున, ఆనేకల్ వైపు తోటలు కొనుక్కున్న మన సంఘం సభ్యులకు కూడా ఇది వర్తిస్తుంది. తోట చుట్టూ కంచె వేయడానికి ముందే ఈ సంగతి తెలుసుకోండి.

రెండోది ఇంకా ముఖ్యం. తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. అడవి పంది కూడా వన్యప్రాణి చట్టం పట్టికలో ఉన్నదే. పంటకు నష్టం చేస్తోందని అటవీశాఖకు అర్జీ పెట్టి, అధికారం ఉన్న అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే కాల్చాలి. అలా చంపిన జంతువు కూడా ప్రభుత్వ ఆస్తే. ఇంటికి తెచ్చుకొని వండుకుంటే మళ్ళీ నేరం. ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఆత్మరక్షణ కోసం చంపడం ఒక్కటే దీనికి మినహాయింపు. ఏనుగుల సంగతి చెప్పనక్కరలేదు. కౌండిన్యలో ఉన్నవి ఏనుగులు. చీకట్లో పంది అనుకొని పేల్చిన తూటాకు కదిలిన పొద వెనక ఏముంటుందో!

మా గార్డు తుపాకి ఇంట్లో మనిషిలా ఉంటుందని చెప్పేవాడు. కొడవలు సెప్టెంబరులో కైల్ పొళ్దు పండుగనాడు ఆయుధాలకు పూజ చేస్తారు. మగపిల్లవాడు పుడితే ఆకాశంలోకి ఒకసారి, ఇంట్లో ఎవరైనా పోతే రెండుసార్లు తుపాకి పేల్చడం వాళ్ళ సంప్రదాయం. బ్రిటిష్ కాలం నుంచి వాళ్ళకు లైసెన్సు అవసరం లేకుండా మినహాయింపు ఉంది. కేంద్ర ప్రభుత్వం 2019లో దాన్ని 2029 వరకు పొడిగించింది. 2021లో కర్ణాటక హైకోర్టు దాన్ని సమర్థించింది. ఇది విని మా బావమరిది "చూశావా, వాళ్ళకు లేదు కదా!" అన్నాడు. అది ఆ జాతికి, అక్కడి జమ్మా భూముల వాళ్ళకు ప్రత్యేకంగా ఇచ్చినది. పక్కింటి వాళ్ళకు పన్ను మినహాయింపు వస్తే మన పన్ను మాఫీ అవుతుందా? మనం పెళ్ళి ఊరేగింపులో సరదాగా తుపాకి పేల్చి ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తే, 2019 సవరణ ప్రకారం రెండేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఒక ఆదివారం పలమనేరు వెళ్ళాను. ఆ ఇల్లాలికి డెబ్భై ఏళ్ళు ఉంటాయి. తుపాకి దుప్పటిలో చుట్టి బీరువా వెనక నిలబెట్టి ఉంది. ముట్టుకోలేదు, దూరం నుంచే చూశాను. లైసెన్సు పుస్తకం అడిగితే తెచ్చి ఇచ్చింది. గడువు ఆయన ఉండగానే ముగిసింది. అంటే ఆమెకు తెలియకుండానే ఆ ఇంట్లో నేరం కాపురం చేస్తోంది. "ఆయన వస్తువు నాయనా, పోలీసులకు ఇస్తే పోయినట్టే కదా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నిజానికి పోదు. లైసెన్సు ఉన్న మనిషి పోయినా, గడువు తీరినా ఆ తుపాకిని జాప్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషనులో గానీ, లైసెన్సు ఉన్న తుపాకుల దుకాణంలో గానీ డిపాజిట్ చేయాలి. రసీదు ఇస్తారు. వారసులు తమ పేర లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. లేదా లైసెన్సు ఉన్నవారికి అమ్ముకోవచ్చు. అయితే ఊరికే వదిలేసి, గడువులోగా ఏదీ తేల్చకపోతే ప్రభుత్వపరం చేసే అధికారం కలెక్టరుకు ఉంది. ఇంకో సౌకర్యం చాలామందికి తెలియదు. వారసుడికి లైసెన్సు ఇవ్వడానికి పెద్దాయన పోయేదాకా ఆగనక్కరలేదు. ఆయనకు 70 ఏళ్ళు వచ్చినా, ఆ తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్ళు ఉన్నా, ఏది ముందయితే అప్పుడు ఆయన బతికి ఉండగానే వారసుడు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వీలునామా రాసేటప్పుడు పొలం, ఇల్లు, నగలు గుర్తుకొస్తాయి. తుపాకి ఎవరికీ గుర్తుకు రాదు.

లైసెన్సు ఉన్న ఇద్దరు తమలో తాము పాత తుపాకి అమ్ముకోవాలన్నా చేతికి చేయి మార్చుకోకూడదు. అమ్మేవాడు కలెక్టరుకో, దగ్గరి పోలీసు స్టేషనుకో రాసి ఇచ్చి, 45 రోజులు ఆగాలి. కొన్నాక కొన్నవాడి లైసెన్సులో తుపాకి నంబరు ఎక్కించుకోవాలి. తుపాకి మీద చెక్కిన నంబరూ, పుస్తకంలోని నంబరూ ఒక్క అంకె తేడా ఉన్నా బేరం వదులుకోవాలి.

ఆ ఇల్లాలి అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు. ఆయన వచ్చి, పోలీసు స్టేషనులో రాసి ఇచ్చి, వాళ్ళ అనుమతితో తుపాకిని జిల్లా కేంద్రంలోని ఒక లైసెన్సు దుకాణంలో డిపాజిట్ చేశాడు. అక్కడి మేస్త్రీ దాన్ని పరీక్షించేటప్పుడు నేనూ, మా బావమరిదీ ఉన్నాం. పాత తుపాకి కొనాలనుకునేవారికి పనికొస్తుందని ఆయన చూసిన పద్ధతి చెబుతాను.

మొట్టమొదట తుపాకి విప్పి లోపల తూటా లేదని కళ్ళతో చూశాడు, వేలు పెట్టి చూశాడు. తర్వాత గొట్టాల్ని వెలుతురు వైపు పెట్టి లోపల చూశాడు. అద్దంలా ఉండాలి. తుప్పు తిన్న గుంటలు, ఉబ్బు, నొక్కు ఉండకూడదు. తర్వాత గొట్టాలు విడదీసి, కొక్కేనికి వేలాడదీసి, వేలి కణుపుతో కొట్టాడు. మంచి గొట్టాలు గుడి గంటలా ఖంగుమంటాయట. ఇవి డొక్కు రేకులా మోగాయి. రెండు గొట్టాల్నీ కలిపే పట్టీ అతుకు వదిలిందని అర్థం. వెండి రూపాయల కాలంలో మా క్యాషియర్లు రాతి బల్ల మీద రూపాయిని మోగించి మంచిదో చెడ్డదో చెప్పేవారట. ఇదీ అదే విద్య. గొట్టాలు బిగించాక ముందు చెక్క తీసేసి ఊపి చూశాడు. కీలు దగ్గర కటకటలాడింది. పిడి సన్నబడే చోట చెక్కకు పగులు ఉందేమో, మీటలు తేలిగ్గా జారుతున్నాయేమో, సేఫ్టీ నిలుస్తోందో లేదో చూశాడు.

చివరగా తూటా కూర్చునే గది కొలిచాడు. పాత ఇంగ్లీషు తుపాకులు చాలావరకు 65 మిల్లీమీటర్ల తూటాకు చేసినవి. ఇప్పుడు మామూలుగా దొరికేది 70. తేడా అయిదు మిల్లీమీటర్లే. కొత్త తూటా అందులో చక్కగా పడుతుంది కూడా. కానీ పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. గొట్టం మీద పాము పొరలాంటి అందమైన గీతలు కనిపిస్తే ఇంకా జాగ్రత్త. అవి ఇనుప, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చేసిన డమాస్కస్ గొట్టాలు. నల్లమందు కాలం నాటివి. నేటి తూటాలకు ఆగవు. గోడకు బాగుంటాయి, భుజానికి కాదు.

"దీన్ని పేల్చకపోవడమే మేలు" అని మేస్త్రీ తేల్చాడు. మా బావమరిది నా వైపు చూడకుండా బయటికి వెళ్ళి నిలబడ్డాడు. ముప్పై వేలు పోవడం ఒక లెక్క. ఆ గొట్టం చెంప పక్కన ఉండగా పగిలి ఉంటే? ఆ ఖర్చు ఏ పద్దులో రాస్తాం?

చవక అంటే ఏమిటో లెక్క వేస్తే ఇలా తేలింది: తుపాకి ధర, లైసెన్సు రుసుము, శిక్షణ, డాక్టరు, మేస్త్రీ, తాళం వేసే ఇనుప పెట్టె, జిల్లా కేంద్రానికి తిరుగుళ్ళు, అయిదేళ్ళకోసారి రెన్యూవలు, ఎన్నికలు వచ్చినప్పుడు డిపాజిట్ చేయమంటే ఆ తిప్పట. ఇంత చేసినా అటవీశాఖ అనుమతి లేకపోతే అది పెట్టెలోనే ఉంటుంది.

మా వాడు రబీ శెనక్కాయకు ఇంకో దారి పట్టాడు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వేరుశనగ చుట్టూ కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం వరుసలు దట్టంగా వేయమని సూచించారు. కుసుమ ముళ్ళు పందికి గిట్టవు. నాలుగు వరుసలు వేశాడు. నష్టపరిహారం కోసం అటవీశాఖకు ఫోటోలతో అర్జీ పెట్టాడు. ఆ అర్జీ నేనే రాశాను. కరెంటు తీగ మాత్రం పెట్టనని వాళ్ళ అక్క మీద ఒట్టు వేయించుకున్నాను. దొంగ కరెంటు కంచెకు పంది, ఏనుగు, పొలం దాటే మనిషి అన్న భేదం లేదు. పందులు రావడం తగ్గింది, మానలేదు. తుపాకి లైసెన్సు దరఖాస్తు కూడా పద్ధతిగా పెట్టాడు. అటవీశాఖ సమ్మతి ఇంకా రాలేదు. వస్తే కొంటావా అని అడిగాను. "అప్పుడు చూస్తాంలే బావా. ఇప్పటికి టార్చిలైటు మార్చినా" అన్నాడు.

ఇక మీ సంగతి. ఈ సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు అటక, పాత పెట్టెలు, ధాన్యం గది ఒకసారి చూడండి. తాతగారి తుపాకి కనబడితే పిల్లల చేతికి ఇచ్చి ఫోటో తీయకండి. లోపల తూటా ఉందనే అనుకోండి. కారులో పెట్టుకొని చందాపురకు అసలే తేకండి. లైసెన్సు పుస్తకం వెతకండి, ఎవరి పేర ఉందో, గడువు ఎప్పటిదో చూడండి. ముందు ఆ ఊరి పోలీసు స్టేషనుకు పుస్తకంతో వెళ్ళి రాసి ఇచ్చి, వాళ్ళు చెప్పిన ప్రకారం డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. పుస్తకం దొరకకపోతే ఒక లాయరును వెంటబెట్టుకొని వెళ్ళండి, కానీ వెళ్ళడం మానకండి.

పలమనేరు పక్క ఊరి ఆ పెద్దమ్మ రసీదును భర్త ఫోటో వెనక పెట్టుకుంది. ఈ ఏడాది ఆయుధపూజకు ఆ కాగితానికే కుంకుమ పెట్టిందని మా బావమరిది చెప్పాడు.

వచ్చే సంక్రాంతి సంచికలో నామినీ పేరు రాయని ఖాతాల గురించి మాట్లాడుకుందాం.